పాదానికి పెరటి గుమ్మం

శుక్రవారం సాయంత్రం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో రెడ్‌మండ్, బెల్వ్యూ ఆఫీసుల్లో లాప్‌టాప్ మూసి ఐ-90 హైవే ఎక్కినవాళ్లు, ట్రాఫిక్ దయతలిస్తే, గంటలో స్నోక్వాల్మీ కనుమ చేరుకుంటారు. చీకటి పడ్డా అక్కడ ఆట ఆగదు, మంచు వాలుల మీద ఫ్లడ్‌లైట్లు వెలుగుతుంటాయి. చైర్‌లిఫ్ట్ దిగే చోట ఓ అయిదు నిమిషాలు నిలబడి చూస్తే ఒక తేడా ఎవరికైనా పట్టుబడుతుంది. స్కీలు తొడుక్కున్నవాళ్లు కుర్చీలోంచి లేచిన ఊపులోనే జారుకుంటూ వెళ్లిపోతారు. స్నోబోర్డు వాళ్లు మాత్రం పక్కకు జరిగి, తడి మంచులో చతికిలబడి, పొట్ట మడతపడేలా ముందుకు వంగి పట్టీలతో కుస్తీ పడుతుంటారు. పెళ్లిలో బంతికి కూర్చున్నట్టే ఉంటుంది ఆ వరస, విస్తళ్లు ఒక్కటే తక్కువ.

దీనికి కారణం బోర్డులోనే ఉంది. స్నోబోర్డు మీద రెండు పాదాలూ ఒకే పలకకు బిగించి ఉంటాయి. లిఫ్ట్ దగ్గరి క్యూలో కదలాలంటే ఒక కాలు, మామూలుగా వెనక కాలు, ఊడదీసుకుని నేలను తన్నుకుంటూ పోవాలి. కుర్చీలో ఉన్నంతసేపూ ఆ కాలు ఖాళీగానే వేలాడుతుంది. పైన దిగాక మళ్లీ బిగించాలి. పూటకు ఎన్నిసార్లు పైకి వెళితే అన్నిసార్లూ ఇదే తంతు.

ఆ బిగింపు పని చేసే పరికరం పేరు బైండింగ్. దాన్ని ముందునుంచి పట్టీలతో బిగించుకోవాలా, వెనకనుంచి పాదం జొనిపి మూసేయాలా (దీన్నే రియర్ ఎంట్రీ అంటారు) అన్నదే ఈ అధ్యాయంలో విషయం. చూడటానికి చిన్న ప్రశ్నే. కానీ సౌకర్యం కొనేటప్పుడు మనిషి ఎక్కడ పొరబడతాడో ఇందులో బాగా తెలుస్తుంది. తప్పిపోయిందనుకున్న పని చాలాసార్లు ఇంకో చోటికి మారుతుంది, అంతే. ఎక్కడికి మారిందో చూసుకుని కొన్నవాళ్లు రియర్ ఎంట్రీ బైండింగును ఏళ్ల తరబడి వదలరు. చూసుకోకుండా కొన్నవాళ్లు మొదటి వారంలోనే అమ్మకానికి పెడతారు.

తాడు పోయి పట్టీ వచ్చింది

1965 క్రిస్మస్ రోజున అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, మస్కీగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఇంజినీరు కూతుళ్ల ఆట కోసం రెండు స్కీలను పక్కపక్కన బిగించాడు. దానికి ‘స్నర్ఫర్’ అని ఆయన భార్య పేరు పెట్టింది. పాదాలకు కట్టు అంటూ ఏమీ లేదు, బోర్డు ముక్కుకు కట్టిన తాడు పట్టుకుని నిలబడి జారడమే. 1977లో వెర్మాంట్‌లో బోర్డుల కంపెనీ పెట్టిన జేక్ బర్టన్ కార్పెంటర్, 1979లో మిషిగన్‌లో జరిగిన స్నర్ఫర్ పోటీలకు తన బోర్డు పట్టుకొచ్చాడు. దాని మీద పాదాలకు కట్లు ఉన్నాయి. అలాంటిది చెల్లదని అభ్యంతరాలు లేచాయి. చివరికి ఆయన కోసం వేరే విభాగం పెట్టారు. అందులో పోటీదారు ఆయనొక్కడే, గెలిచిందీ ఆయనే.

1998లో స్నోబోర్డింగ్ నాగానో ఒలింపిక్స్‌కు చేరేనాటికి ఎక్కువమంది వాడే బైండింగుకు ఒక రూపం స్థిరపడింది. అడుగున బేస్‌ప్లేట్, మడమ వెనక పిక్క దాకా లేచే హైబ్యాక్, చీలమండ మీద ఒక పట్టీ, కాలివేళ్ల మీద ఇంకో పట్టీ, వాటిని టకటకా బిగించే పళ్ల రాచెట్లు. ఇవాళ్టికీ దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది ఈ రూపమే.

వంగకుండా బిగించుకునే దారి కోసం ఆ దశాబ్దంలోనే రెండు వైపులా వెతికారు. మొదటిది స్టెప్-ఇన్. సైకిలు విడిభాగాలకు పేరున్న షిమానోతో కలిసి కే2 తెచ్చిన ‘క్లిక్కర్’ ఈ బాపతే. బూటు అడుగున లోహపు కొక్కెం, బైండింగులో దానికి తాళం, అడుగేస్తే టక్కున పడేది. అయితే దానికి ప్రత్యేకమైన బూట్లు కొనాలి. పైగా బూటు అడుగున మంచు గడ్డకడితే తాళం పడేది కాదు. 2000ల తొలి ఏళ్లకు ఆ మోజు చాలావరకు తీరిపోయింది. రెండో దారి రియర్ ఎంట్రీ. కాలిఫోర్నియాలో పుట్టిన ఫ్లో కంపెనీ 1990ల రెండో సగం నుంచి దాన్నే నమ్ముకుంది. కే2 ‘సించ్’ పేరుతోనూ, గ్నూ తన సొంత పద్ధతిలోనూ ఇదే దారిలోకి వచ్చాయి. 1887 నాటి స్విస్ కంపెనీ నైడెకర్ 2016లో ఫ్లోను కొనేసింది.

మీట ఎత్తితే ఏమవుతుంది?

పాత ఇళ్లకు వీధి గుమ్మం కాక పెరటి గుమ్మం కూడా ఉండేది. రియర్ ఎంట్రీ బైండింగు పాదానికి పెరటి గుమ్మం తెరుస్తుంది. హైబ్యాక్ వెనక ఒక మీట ఉంటుంది. దాన్ని పైకి ఎత్తితే, హైబ్యాక్‌ను బేస్‌ప్లేటుకు పట్టి ఉంచే ఉక్కు తీగ వదులవుతుంది, హైబ్యాక్ వెనక్కి వాలిపోతుంది. పై పట్టీని ముట్టుకోకుండా, చెప్పులో జొనిపినట్టు పాదాన్ని వెనకనుంచి జొనిపి, హైబ్యాక్ నిలబెట్టి మీట నొక్కితే తీగ మళ్లీ బిగుసుకుంటుంది.

పట్టీలో రెండు రకాలున్నాయి. ఒకదానిలో పాదం పైభాగమంతా కప్పే వెడల్పాటి పట్టీ ఒకటే ఉంటుంది. ఇంకోదానిలో మామూలు బైండింగులాగే చీలమండకు ఒకటి, వేళ్లకు ఒకటి ఉంటాయి. కొన్ని మోడళ్లలో హైబ్యాక్ వాలగానే పట్టీ కూడా కాస్త పైకి లేచి పాదానికి చోటిస్తుంది. కొన్నింటిలో పట్టీలకు రాచెట్లు కూడా ఉంటాయి, అవసరమైతే ముందునుంచే విప్పేయవచ్చు. కొనేటప్పుడు ఈ చివరి మాట గుర్తుంటే మంచిది. వీధి గుమ్మం కూడా తెరుచుకునే ఇల్లు ఎప్పుడూ మేలే.

లాభం ఏ మూల ఉంది?

ప్రకటనలు మొదట చెప్పేది సమయం గురించి. లెక్క వేసి చూద్దాం. బిగించిన ప్రతిసారీ 40 సెకన్లు మిగిలాయనుకుంటే, సాయంత్రానికి 15 సార్లు లిఫ్ట్ ఎక్కినవాళ్లకు మిగిలేది 10 నిమిషాలు. బాగా చేయి తిరిగినవాళ్లు మామూలు పట్టీలను కూడా నిలబడే బిగించేసుకుంటారు, వాళ్లకు ఆ పది కూడా మిగలవు. కేవలం నిమిషాల కోసమే అయితే ఇంత ఖర్చు దండగ.

అసలు లాభం నడుముకు, మోకాళ్లకు. తడి మంచులో కూర్చోనక్కర్లేదు, ప్యాంటు నానదు. చేతి తొడుగులు తీయనక్కర్లేదు. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకు, పొట్ట అడ్డొచ్చేవాళ్లకు, నలభై దాటాక ఈ ఆట మొదలుపెట్టినవాళ్లకు ఒక్కో వంగడం ఒక్కో పరీక్ష. పిల్లలు స్కీల మీద ముందు వెళ్లిపోతుంటే వెనక పట్టీలు బిగించుకుంటూ కూర్చున్న తండ్రికి ఆ 40 సెకన్లే చాలా పెద్దవి. గంటకోసారి కొత్త బ్యాచ్‌ను తీసుకుని అదే పిల్లల వాలు ఎక్కి దిగే శిక్షకుల సంగతీ అంతే.

రెండో లాభం పైకి కనిపించదు. మామూలు బైండింగులో ప్రతిసారీ రాచెట్ కొత్తగా బిగించాలి. ఒకసారి ఒక పన్ను ఎక్కువ పడుతుంది, ఇంకోసారి తక్కువ. రియర్ ఎంట్రీలో పట్టీని కదిలించేదే లేదు గనక ఉదయం కుదిరిన బిగువే సాయంత్రం దాకా ఉంటుంది. వెడల్పాటి పట్టీ అయితే ఒత్తిడి పాదమంతా పరుచుకుంటుంది, ఒకే చోట నొక్కుకుపోయి పాదం తిమ్మిరెక్కడం తగ్గుతుంది.

మూడోది బూట్లు. బర్టన్ 2017లో మార్కెట్లోకి తెచ్చిన ‘స్టెప్ ఆన్’ పాత స్టెప్-ఇన్ ఆలోచనకు మెరుగైన రూపం. బూటు ముందు భాగంలో రెండు వైపులా, మడమ దగ్గర ఒకటి, మొత్తం మూడు చోట్ల పట్టుకుంటుంది. వాడేవాళ్లు మెచ్చుకుంటారు. కానీ దానికి తగిన బూట్లు కొనితీరాలి. రియర్ ఎంట్రీకి ఆ షరతు లేదు, ఇంట్లో ఉన్న మామూలు స్నోబోర్డు బూట్లతోనే కానిచ్చేయవచ్చు. నైడెకర్ ఈమధ్య తెచ్చిన ‘సూపర్‌మాటిక్’ కూడా మామూలు బూట్లతోనే పనిచేస్తుంది. మడమతో లోపలి పెడల్ తొక్కితే హైబ్యాక్ తనంతట తానే లేచి మూసుకుంటుంది.

పని ఎక్కడికి మారింది?

మొదట మారింది ఇంటి హాల్లోకి. పట్టీని ప్రతిసారీ ముట్టుకోనక్కర్లేదంటే, ఒకసారి సరిగ్గా కుదర్చాలని అర్థం. వదులుగా ఉంటే మలుపు తిరిగినప్పుడు మడమ లేస్తుంది, బోర్డు మాట వినదు. బిగుతుగా ఉంటే మీట పడదు, బలవంతంగా పడేస్తే అరగంటలో పాదం మొద్దుబారుతుంది. రాచెట్ బైండింగు అరువిచ్చినా, అరువు తెచ్చుకున్నా పని నడుస్తుంది. రియర్ ఎంట్రీ ఒక జత బూట్లకు కుదిరాక, ఇంకో జతకు మళ్లీ మొదటినుంచి కుదర్చాలి. దుకాణంలో డబ్బా విప్పి నేరుగా కొండెక్కినవాళ్లే దీన్ని ఎక్కువగా తిట్టుకుంటారు.

రెండోసారి మారింది నిటారు వాలు మీదికి. లిఫ్ట్ పైన చదును నేల మీద రియర్ ఎంట్రీకి ఎదురులేదు. వాలు మధ్యలో పడి, ఒక కాలు ఊడదీసి మళ్లీ పెట్టాల్సి వస్తే కథ తిరగబడుతుంది. కిందికి చూస్తూ మడమ అంచు మీద ఉన్న మనిషికి వెనకంతా కొండే. హైబ్యాక్ వాలడానికి చోటే ఉండదు. మామూలు పట్టీలవాడు అదే చోట కూర్చుని ముందునుంచి బిగించేసుకుని వెళ్లిపోతాడు. దీనికి అనుభవజ్ఞులు వాడే కిటుకు ఒకటుంది. కొండ వైపు తిరిగి మోకాళ్ల మీద ఆనుకోవాలి. అప్పుడు మడమలు లోయ వైపు ఉంటాయి, హైబ్యాక్ ఖాళీలోకి వాలుతుంది. మొదటి రోజే చదునులో ఈ తిరుగుడు సాధన చేసి పెట్టుకుంటే అసలు చోట కంగారు ఉండదు.

మూడోది మంచు. బేస్‌ప్లేట్ మీద, బూటు అడుగున మంచు పేరుకుంటే పాదం కొద్దిగా ఎత్తులో కూర్చుంటుంది. రాచెట్ అయితే ఒక పన్ను వదిలేస్తే సరి. ఇక్కడ పట్టీ ఎత్తు మారదు గనక మీటే మొండికేస్తుంది. ప్రతిసారీ బూటును బోర్డు అంచుకేసి గీకి, బేస్‌ప్లేటును చేత్తో తుడిచి పాదం పెట్టడం అలవాటు కావాలి.

నాలుగోది మరమ్మతు. రాచెట్ గానీ పట్టీ గానీ తెగితే స్నోబోర్డు దుకాణాల్లో సులువుగా దొరుకుతుంది. ఉక్కు తీగ తెగితే ఆ కంపెనీ విడిభాగమే కావాలి, ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. మీట, తీగ, కీళ్లు ఉండటంతో ఈ బైండింగులు సాధారణంగా కాస్త బరువు కూడా.

స్కీ ప్రపంచం ఈ పాఠం ముందే నేర్చుకుంది. 1980లలో వెనకనుంచి తెరుచుకునే స్కీ బూట్లకు, ముఖ్యంగా సాలమన్ ఎస్ఎక్స్ వరసకు, విపరీతమైన గిరాకీ ఉండేది. తొడుక్కోవడం, విప్పడం హాయి. కానీ ముందువైపు బకిల్స్ వరసగా ఉన్న బూటులా పాదం ఒక్కో భాగాన్ని విడివిడిగా బిగించుకునే వీలు తక్కువ. వేగంగా మలుపులు తిరిగేవాళ్లు మళ్లీ బకిల్స్ వైపే మొగ్గారు, 1990లలో వెనక తలుపు బూట్లు తెరమరుగయ్యాయి. స్నోబోర్డు బూటుకు దాని లేసులు దానికి ఉంటాయి, బైండింగు బయటి పట్టు మాత్రమే. అందుకే ఇక్కడ రియర్ ఎంట్రీ బతికి బట్టకట్టింది.

మూడు చోట్లు, మూడు జవాబులు

న్యూజెర్సీలోని ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లో, అమెరికన్ డ్రీమ్ మాల్ లోపల 2019 డిసెంబరులో ‘బిగ్ స్నో’ తెరిచారు. ఉత్తర అమెరికాలో మొట్టమొదటి ఇండోర్ మంచు వాలు అదే. ఎడిసన్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకు ఆగస్టులో కూడా మంచు అందుబాటులోకి వచ్చింది. లోపల ఎప్పుడూ మైనస్ 2 డిగ్రీలు, వాలు పొట్టిది, యంత్రాలతో చదును చేసిన నేల. పొట్టి వాలు అంటే ఎక్కడం, దిగడం, బిగించడం ఎక్కువ. రియర్ ఎంట్రీ కోసమే కట్టినట్టుంటుంది.

స్నోక్వాల్మీ దగ్గర జవాబు కొంచెం తడబడుతుంది. కనుమ ఎత్తు సుమారు 920 మీటర్లే. పసిఫిక్ తేమ అంతా అక్కడే కురుస్తుంది, మంచు బరువుగా, తడిగా ఉంటుంది. దానికి స్థానికులు పెట్టుకున్న ముద్దుపేరు ‘కాస్కేడ్ కాంక్రీట్’. కూర్చుంటే తడిసిపోతారు గనక నిలబడి బిగించుకునే వీలు వరమే. అదే తడి మంచు బేస్‌ప్లేటుకు అంటుకుని మీటను సతాయిస్తుంది కూడా. తుడవడం అలవాటైనవాళ్లకు లాభమే ఎక్కువ.

కశ్మీర్‌లోని గుల్మార్గ్ మాత్రం అసలైన చిక్కుముడి. ఊరు సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. గొండోలా మొదటి దశ 1998లో కొంగ్‌డూరి దాకా, రెండో దశ 2005లో అఫర్వత్ కొండ దాకా వచ్చింది. పై స్టేషన్ దాదాపు 4,000 మీటర్ల ఎత్తు. గొండోలా పెట్టె ఎక్కాలంటే బోర్డు పూర్తిగా విప్పి చేత్తో పట్టుకోవాలి. అంటే పైన ఒక కాలు కాదు, రెండు కాళ్లూ బిగించాలి, అదీ ఊపిరి అందని గాలిలో. అక్కడ రియర్ ఎంట్రీకి రెట్టింపు విలువ. దిగడం మొదలయ్యాక అదే సౌకర్యం బరువవుతుంది. చదును చేయని వాలుల్లో తొడల లోతు పొడి మంచు. పడిపోతే హైబ్యాక్ వెనక మంచు కూరుకుపోతుంది, మీట చేతికందదు, అందినా తలుపు వాలడానికి ఖాళీ ఉండదు. చెట్ల మొదళ్ల దగ్గరి మంచు గుంతల్లో తలకిందులుగా పడితే ఏ బైండింగు విప్పడమైనా కష్టమే. రెండు వైపులా తెరుచుకునే మోడల్ అయితే కనీసం ఇంకో దారి మిగులుతుంది. తోడు లేకుండా అటు వెళ్లకూడదన్న నియమం అన్ని బైండింగులకూ ఒకటే. ఉక్కు తీగ తెగితే హైదరాబాద్ నుంచి సెలవు పెట్టుకుని వచ్చిన వారం రోజులూ వృథా కాకుండా, ఒక అదనపు తీగ సంచిలో ఉండాలి.

కొనే ముందు అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

ఎక్కువగా ఆడేది ఏ మంచులో? చదును చేసిన వాలులైతే రియర్ ఎంట్రీ, లోతు మంచూ నిటారు వాలులూ అయితే మామూలు పట్టీలు.

పూటకు ఎన్నిసార్లు బిగించాలి? పొట్టి వాలు, పిల్లల వాలు అయితే చాలాసార్లు. పొడుగు వాలులైతే తక్కువే.

బూట్లు సొంతమా, అద్దెవా? అద్దె బూట్లతో రియర్ ఎంట్రీ కొనడం, కొలత తెలియకుండా చొక్కా కుట్టించడం లాంటిది.

నడుము, మోకాళ్లు ఏమంటున్నాయి? నొప్పి ఉందన్న జవాబు వస్తే, పై మూడూ కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

హాల్లో ఒక గంట

కొన్నాక కొండెక్కే ముందు చేయాల్సిన పని ఇది. తివాచీ మీద బోర్డు పెట్టాలి. ఆడేటప్పుడు వేసుకునే మేజోళ్లు, బూట్లు వేసుకుని, లేసులు ఆటలోలాగే బిగించాలి. 3వ నంబర్ ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ దగ్గరుండాలి. మామూలుగా బైండింగు స్క్రూలకు సరిపోయేది అదే.

ముందు పట్టీ పూర్తిగా వదులు చేసి, పాదం జొనిపి, హైబ్యాక్ మూయాలి. బోర్డు అంచు దాటి వేళ్లు, మడమ సమానంగా వస్తున్నాయా చూసుకోవాలి. లేకపోతే బేస్‌ప్లేట్ జరపాలి. తర్వాత పట్టీని వేళ్ల వైపు నుంచి చీలమండ వైపు కొద్దికొద్దిగా బిగించాలి. ఒక్కో పన్నుకూ ఒకసారి మీట మూసి చూడాలి. అరచేతితో గట్టిగా నొక్కితే పడాలి. ఒళ్లంతా బరువేస్తే తప్ప పడకపోతే ఒక పన్ను వదలాలి. చిటికెన వేలితో పడిపోతే ఒక పన్ను బిగించాలి.

రెండు కాళ్లూ పెట్టాక మునివేళ్ల మీద లేచి చూడాలి. బూటు మడమ హైబ్యాక్ అడుగున లేస్తున్నట్టు అనిపిస్తే బిగువు చాలలేదు. పది నిమిషాలు అలాగే నిలబడి టీవీ చూడాలి. పాదం మొద్దుబారితే బిగువు ఎక్కువైంది. ఆ తర్వాత కళ్లు మూసుకుని మీట వెతకడం, తీయడం, మూయడం అయిదుసార్లు చేయాలి. రాచెట్లున్న మోడల్ అయితే ముందునుంచి విప్పడం కూడా. కొండ మీద చీకట్లో, తొడుగులున్న చేతులతో, తల కింద ఉన్నప్పుడు చేయి దానంతట అదే మీట దగ్గరికి పోవాలి.

మొదటి రోజు కొండ మీద రెండు మూడు జారుళ్ల తర్వాత బూటు లోపలి మెత్త నొక్కుకుని ఒక పన్ను వదులవుతుంది. స్క్రూడ్రైవర్ జేబులో ఉండాలి, గదిలో కాదు. అప్పుడు కుదిరిన చోట, ఎడమ పట్టీ మీద ఎన్నో పన్ను, కుడి మీద ఎన్నో పన్ను, నల్ల మార్కర్‌తో గీత పెట్టి, ఆ అంకెలు ఫోనులో రాసుకోవాలి. వచ్చే ఏడాది కొత్త బూట్లు కొంటే మొదలుపెట్టాల్సింది అక్కడినుంచే.